పెట్టె చివర కొనండి: ఇంటి గుర్తులు, పిల్లల జ్ఞాపకాలు సర్ది దాచుకునే పద్ధతి

ఈ విషయంలో సలహా అడిగేవాళ్ళలో చాలామంది మొదలుపెట్టే ప్రశ్న ఒకటే: "ఏ పెట్టె కొనమంటారు?" పెట్టె సంగతి పదో అంచెలో వస్తుంది. ముందే కొంటే అది ఎంత ఉంటే అంత నింపుతాం, మూత పెట్టి టేపు వేస్తాం. పదేళ్ళ తర్వాత తెరిచి "ఇది ఎవరిదబ్బా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

వరస ఇది: బయటికి తీయడం, పురుగూ తడీ చూడడం, ఏరడం, చీటీ రాయడం, శుభ్రం చేసి చుట్టడం, ఫొటో తీయడం. ఆ తర్వాతే పెట్టె. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

1. కూర్చునే ముందు

ఇది ఒక్కరోజులో తెమిలే పని కాదు. పొద్దున్నే ఉత్సాహంగా ఇల్లంతా పరిచేసి, రాత్రికి విసుగొచ్చి మళ్ళీ అవే సంచుల్లో కుక్కేస్తారు. చాలా ఇళ్ళలో పని అక్కడితో సరి. ఒకసారికి రెండు గంటలు, ఒక సంచీ లేదా బీరువాలో ఒక అర చాలు. అది పూర్తయితేనే ఇంకోటి ముట్టుకోండి.

ఫొటో ఆల్బమ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఆల్బమ్ తెరిస్తే కబుర్లే సాగుతాయి తప్ప పని సాగదు. స్కూలు కాగితాలతోనో చిన్నప్పటి బట్టలతోనో చేయి సాధించుకున్నాక ఫొటోల జోలికి వెళ్ళండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- కింద పరవడానికి ఉతికిన తెల్ల దుప్పటి (పురుగైనా, రాలిన పొడైనా వెంటనే కనిపిస్తుంది)
- 2బి పెన్సిల్, రబ్బరు
- మెత్తటి వెడల్పు బ్రష్షు
- కాగితపు కవర్లు, చిన్న చీటీలు
- ఛార్జింగ్ ఉన్న ఫోన్
- ఫొటోలు, నెగటివ్‌లు, వెండి వస్తువులు పట్టుకోవడానికి నైట్రైల్ గ్లోవ్స్ (డాక్టర్లు వేసుకునే సన్నటి రబ్బరు రకం)

కాగితాలకు గ్లోవ్స్ అక్కర్లేదు. గ్లోవ్స్ వేసుకుంటే అంచు చేతికి తెలియదు, పాత ఉత్తరం ఇట్టే చిరుగుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరిన చేతులే మేలు. తాగేవీ తినేవీ ఇంకో గదిలో ఉంచండి.

2. ముందు పురుగు, తడి చూడండి

అటక మీది పెట్టెని తిన్నగా తెచ్చి బట్టల బీరువా పక్కన దించకండి. లోపల చిమ్మటల గుడ్లుంటే ఇంటికంతటికీ పాకుతాయి. వరండాలోనో బాల్కనీలోనో దుప్పటి మీద తెరిచి చూడండి.

ఏం వెతకాలి:

- బట్టల మడతల్లో సాలెగూడు లాంటి సన్నని పోగులు, బియ్యపుగింజంత గూళ్ళు: ఇవి చిమ్మటవి
- కాగితం పైపొర గీకినట్టు పలచబడితే, అంచులు వంకరటింకరగా కొరికినట్టుంటే: సిల్వర్ ఫిష్ (కాగితం తినే వెండిరంగు పురుగు) పని
- మట్టి గీతలు: చెదలు
- మెత్తటి తెల్లటి, పచ్చటి మచ్చలు, ముక్కవాసన: బూజు

అనుమానం ఉన్నవాటిని విడిగా ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పక్కన పెట్టండి. వాటి వైద్యం పదకొండో అంచెలో ఉంది.

3. ఏరడం

అన్నీ దాచుకోవడమంటే ఏదీ దాచుకోకపోవడమే. పిల్లవాడు గీసిన మూడొందల బొమ్మల్లో ఇరవై మిగిలితే ఎప్పుడైనా తీసి చూస్తారు. మూడొందలూ ఉంటే ఆ సంచి బరువుకే భయపడి ముట్టుకోరు.

నేను వాడే కొలత: బాగా వచ్చినవి కాదు, ఆ వయసు తెలిసేవి. టీచరు గీతలు గీసి ఇస్తే రంగులు నింపిన కాగితం ఎవరి పిల్లలదైనా ఒకేలా ఉంటుంది. తలలోంచే కాళ్ళు మొలిచిన మనిషి బొమ్మ, తిరగబడిన "క", సొంత పేరు తప్పుగా రాసుకున్న మొదటి చీటీ మళ్ళీ రావు. మార్కుల లిస్టులు ఏడాదికొకటి చాలు. సర్టిఫికెట్లు అసలు ఈ పెట్టెలోవి కావు, వాటి చోటు పత్రాల ఫైలు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఏడాది పొడుగునా వచ్చినవన్నీ ఒక అట్టపెట్టెలో పడేస్తూ పోండి. స్కూలు సెలవులిచ్చాక పిల్లలతో కలిసి కూర్చుని పది పదిహేను తీయండి. సగం మీరు, సగం వాళ్ళు. వాళ్ళు ఎంచుకున్నది మీకు చెత్తలా కనిపించినా కాదనకండి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు ఈ విషయంలో చాలా ఖచ్చితమైన అభిప్రాయాలుంటాయి. మిగిలినవి ఫొటో తీసి వదిలేయండి. అయితే వాళ్ళ కళ్ళముందు చెత్తబుట్టలో వేయకండి.

పెద్దవాళ్ళ వస్తువుల్లో చిక్కు వేరు. ఒకే రకంవి పన్నెండు ఉంటే పన్నెండూ ఉంచాలనిపిస్తుంది. ఎక్కువ వాడినది ఒకటి ఉంచండి, మిగతావి తోబుట్టువులకు పంచండి. తేల్చుకోలేని వాటికి "ఏడాది ఆగుదాం" అని ఒక సంచి పెట్టి, మీద తేదీ రాయండి. ఎవరైనా చనిపోయిన తొలి నెలల్లో ఈ ఏరే పని పెట్టుకోకండి. అప్పుడు పారేసినవాటి గురించీ బాధపడతారు, ఉంచినవాటి గురించీ బాధపడతారు.

4. చీటీ రాయడం

మొత్తం పనిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. ఖరీదైన పెట్టెలో చీటీ లేని స్వెటర్ తర్వాతి తరానికి పాతగుడ్డ. మామూలు కవర్లో చీటీతో ఉన్న స్వెటర్ వాళ్ళ ముత్తవ్వ.

చీటీలో ఏముండాలో ఈ రెండూ చూడండి.

మొదటిది: "నీలం స్వెటర్, పాపది."

రెండోది: "నీలం స్వెటర్. అమ్మమ్మ అల్లింది, 2016. ఎడమ చెయ్యి రెండు వరసలు పొట్టి. ఉన్ని చాలక అక్కడితో ఆపేసింది. పాప ఆ చలికాలమంతా ఇదే వేసుకుంది, ఎడమ చెయ్యి కిందికి లాక్కుంటూ."

రంగు ఎవరికైనా కనిపిస్తుంది, రాయనక్కర్లేదు. చూస్తే తెలియనిది రాయండి: ఎవరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎందుకు ఉంచాం. సంవత్సరం సరిగ్గా తెలియకపోతే "1980 ప్రాంతం" అనండి. వరసలతో పాటు పూర్తి పేరు కూడా ఉండాలి. మీకు "అమ్మమ్మ" అయిన మనిషి మీ మనవడికి ఏమవుతుందో వాడు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేడు.

గ్రూపు ఫొటోలకు ఒక చిట్కా. ఫొటో కాపీ మీద పలచటి కాగితం పరిచి తలల చుట్టూ గీత గీసి, ఒక్కొక్కరికీ అంకె వేయండి. కింద ఆ అంకెలకు పేర్లు రాయండి. అసలు ఫొటో మీద ఒక్క గీత కూడా పడదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ అంచె ముందు పూర్తి చేయండి, మిగతావి ఆగుతాయి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బల్ల మీద ఉంచి, "ఇరవై మూడో ఫొటో" అని అంకె పైకి చదివి చేతికివ్వండి. తర్వాత వింటే ఏ మాట ఏ ఫొటోదో తెలుస్తుంది. "ఇదెవరు?" అని అడిగితే ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. "ఇది ఎవరింట్లో? ఫొటో తీసిందెవరు? ఆవిడ ఎందుకు అలా మొహం పెట్టుకుంది?" అని అడగండి.

5. కాగితాలు

కాగితం పచ్చబడి పెళుసెక్కేది అందులోని ఆమ్లం వల్ల. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఎక్కువ, అందుకే పేపరు కటింగులు అన్నిటికంటే ముందు పోతాయి. పైగా పక్కనున్న మంచి కాగితానికీ ఆ మరక అంటిస్తాయి. కటింగును ఫొటోకాపీ తీసి ఆ కాపీ దాచండి. అసలు కూడా కావాలంటే విడి కవర్లో పెట్టండి.

- గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది, రబ్బరు కరిగి అతుక్కుంటుంది.
- ఉత్తరాలు మడత విప్పి తిన్నగా ఉంచండి. కవరు పారేయకండి. లోపల తేదీ లేకపోయినా పోస్టు ముద్రలో దొరకవచ్చు.
- చిరుగులకు సెల్లో టేపు వేయకండి. కొన్నేళ్ళకు టేపు ఊడుతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మరకగా ఉండిపోతుంది.
- కాగితాల మధ్య ఆసిడ్-ఫ్రీ (ఆమ్లం లేని) షీట్లు వేయండి. క్రేయాన్, పాస్టెల్ బొమ్మలకు ఇవి తప్పనిసరి, లేదంటే రంగు ఎదుటి బొమ్మకు అంటుకుంటుంది.
- పప్పులు, గింజలు, పిండి అంటించి చేసిన బొమ్మలు దాచకండి. పురుగును భోజనానికి పిలిచినట్టే. వెలుతురులో మంచి ఫొటో తీసి వదిలేయండి.

లామినేషన్ గురించి విడిగా చెప్పాలి. అది రక్షణ కాదు. వేడితో ప్లాస్టిక్ కాగితంలోకి అతుక్కున్నాక మళ్ళీ విడదీయలేం. మా అబ్బాయి కడుపులో ఉన్నప్పటి స్కాన్ ప్రింటును నేనే భద్రంగా ఉంటుందని లామినేషన్‌కి ఇచ్చాను. మెషీన్‌లోకి బూడిదరంగు బొమ్మగా వెళ్ళింది, అవతలి వైపు నల్లపలకై బయటికొచ్చింది. అది థర్మల్ కాగితం, వేడి తగిలితే నల్లబడడమే దాని పని. బిల్లులు, టికెట్లు కూడా చాలావరకు ఇవే. అంచున గోటితో గట్టిగా గీరండి, నల్లగీత పడితే థర్మల్. దాచినా కొన్నేళ్ళకు వెలిసిపోతుంది కాబట్టి ఇవాళే స్కాన్ చేయండి.

6. ఫొటోలు

పాత ఆల్బమ్‌లలో అన్నిటికంటే హానికరమైనవి జిగురు చారల అట్ట మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే రకం. జిగురూ ప్లాస్టిక్కూ రెండూ ఫొటోను తింటాయి. అందులోంచి బయటికి తీయాలి, కానీ లాగకూడదు.

ముందు పేజీ పేజీకీ ఫొటో తీసుకోండి. తీసేటప్పుడు ఏది చిరిగినా బొమ్మ దక్కుతుంది, ఏ ఫొటో పక్కన ఏదుందో ఆ వరసా దక్కుతుంది. తర్వాత పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఒక మూర తీసుకుని, ఫొటో మూల కిందికి జొనిపి రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. చేతులు అట్టకు ఆనించే ఉంచండి, పైకి ఎత్తకండి. ఫొటో వంగిందంటే ఆపేయండి. రానిదాన్ని అట్టతో సహా కత్తిరించి అలాగే ఉంచండి.

ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకితే పైపొర అద్దం మీదే మిగిలిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేసి అలాగే వదిలేయండి.

కొత్తగా పెట్టడానికి పీవీసీ అనే ప్లాస్టిక్ లేని కవర్లు కావాలి. పాలిస్టర్, పాలిప్రొపైలీన్, పాలిథిలీన్ ఈ మూడూ ఫర్వాలేదు. కొత్త రెగ్జిన్ వాసన ఘాటుగా కొడుతుంటే పీవీసీ అయ్యుండొచ్చు, తీసుకోకండి. కాగితపు కవర్లయితే "ఫొటో యాక్టివిటీ టెస్ట్" (కవరు ఫొటోను పాడుచేస్తుందా అని చూసే పరీక్ష) నెగ్గినట్టు రాసున్నవి మంచివి.

వెనక రాతకు పాత కాగితపు ఫొటో అయితే 2బి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయొచ్చు. బాల్‌పెన్ను ఒత్తు ముందువైపు గట్టులా లేస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త ఫొటోల మీద పెన్సిల్ అంటదు. వాటికి కవరు మీద రాయండి, అదీ ఫొటో లోపల పెట్టకముందే.

గోడకు తగిలించాలనుకుంటే కాపీ తగిలించండి. వెలుతురు వల్ల వెలిసిన రంగు ఏం చేసినా తిరిగి రాదు.

7. బట్టలు

దాచేముందు "శుభ్రంగానే ఉంది కదా" అనుకున్న పసిబట్ట ఐదేళ్ళకు మెడ దగ్గర పసుపుపచ్చ మరకలతో బయటికొస్తుంది. అవి కొత్తగా వచ్చినవి కావు. పాలు, చొంగ, చెమట అప్పుడు కంటికి కనిపించలేదు, గాలి తగిలి నెమ్మదిగా రంగు తేలాయి. కాబట్టి:

1. నూలు బట్టలు ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా మామూలుకంటే రెండుసార్లు ఎక్కువ జాడించండి.
2. గంజి పెట్టకండి, అది సిల్వర్ ఫిష్‌కి ఇష్టమైన తిండి. సువాసన ద్రవాలూ వద్దు.
3. ఒకరోజు కాదు, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. కుట్ల దగ్గర తడి మిగులుతుంది.
4. ఇస్త్రీ చేయకండి. పదునైన మడత దగ్గరే పోగులు విరుగుతాయి.
5. ఇనుప బొత్తాలు, పిన్నులు తీసి విడి పొట్లంలో చీటీతో పెట్టండి. ఊడని వాటికి కిందా పైనా టిష్యూ (పలచటి కాగితం) వేయండి.
6. మడత పెట్టే చోట ఆసిడ్-ఫ్రీ టిష్యూను నలిపి చుట్టలా పెట్టి, దాని మీదుగా మడవండి.

పట్టు, ఉన్ని, జరీ ఉన్నవి ఇంట్లో నీళ్ళలో వేయకండి. రంగు దిగుతుందేమో చూడకుండా వేసి పాడు చేసినవారు చాలామంది. వీటికి "అన్‌బఫర్డ్" అని రాసున్న టిష్యూ వాడాలి. బఫర్డ్ టిష్యూలో కలిపే సున్నపు పదార్థం నూలుకు మంచిది, పట్టుకూ ఉన్నికీ పడదు. టిష్యూ దొరకకపోతే నాలుగైదు సార్లు ఉతికిన రంగులేని పలచటి నూలుగుడ్డ చాలు.

డ్రై క్లీనింగ్ షాపు ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లోంచి ఇంటికి రాగానే తీసేయండి. ఆ కవరు దారి కోసమే, దాచడానికి కాదు.

కలరా ఉండలు మానేయండి. నాఫ్తలీన్ ఆవిరి మనుషులకు మంచిది కాదు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పసిపిల్లలకు ఆ ఉండల మధ్య ఉన్న బట్టలు తొడిగితే రక్తకణాలు విరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. "తమ్ముడికి పనికొస్తాయి" అని దాచే బట్టల్లో అసలే వద్దు.

8. పాలపళ్ళు, పుట్టువెంట్రుకలు, బొమ్మలు

పాలపన్ను కడిగి, వారం ఆరనిచ్చి చిన్న డబ్బాలో పెట్టండి. తడితో మూత బిగిస్తే బూజు ఖాయం. వెంట్రుకలకు మడిచిన కాగితపు పొట్లం చాలు, టేపుతో ఆల్బమ్‌కు అతికించకండి.

ఆటబొమ్మల్లో బ్యాటరీలు తీసేయండి. మర్చిపోతే అవి కారి లోపలి భాగాలను తినేస్తాయి. మెత్తటి రబ్బరు, పీవీసీ బొమ్మలు ఏళ్ళు గడిచేకొద్దీ జిగటెక్కి పక్కనున్నదానికి అంటుకుంటాయి కాబట్టి వాటిని ఒంటరిగా ఉంచండి. వెండి వస్తువుల్ని ఉన్ని, రబ్బరు, న్యూస్‌పేపరుకు దూరంగా పెట్టండి, వాటిలోని గంధకానికి నల్లబడుతుంది.

9. ఫోన్‌లో, కంప్యూటర్లో

స్కాన్ చేసేటప్పుడు కాగితాలు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), మామూలు సైజు ఫొటోలు 600, నెగటివ్‌లు కనీసం 2400. అసలు కాపీ టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం), పంచుకునేది జేపెగ్‌లో (చిన్న సైజు ఫైలు రకం). స్కానర్ లేకపోతే బొమ్మను గోడకు ఆనించి, ఎండ నేరుగా పడని కిటికీ వెలుతురులో, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను బొమ్మకు సమాంతరంగా పట్టుకుని తీయండి.

ఫైలు పేరు ఏడాదితో మొదలవ్వాలి: "2016-12_పాప_నీలం స్వెటర్_01". అప్పుడు ఫైళ్ళు వాటంతటవే కాలం వరసలో కూర్చుంటాయి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. పెన్‌డ్రైవ్ ఒక్కటే నమ్ముకోకండి. క్లౌడ్ పాస్‌వర్డు ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

టేపు క్యాసెట్లు, వీడియో క్యాసెట్లు ఉంటే వరసలో వాటినే ముందు మార్పించండి. టేపు బాగున్నా దాన్ని నడిపే మెషీన్ దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది.

10. ఇప్పుడు పెట్టె

ఇప్పటికి ఏం మిగిలిందో, ఎంతుందో మీకు తెలుసు. మనిషికొక పెట్టె, లోపల కాగితం, ఫొటో, బట్ట వేర్వేరు కవర్లలో. ఒక్కరే తేలిగ్గా ఎత్తగలిగిన సైజు తీసుకోండి. కాగితం బరువు నింపాకే తెలుస్తుంది.

ఆసిడ్-ఫ్రీ అట్టపెట్టెలు శ్రేష్ఠం. దొరక్కపోతే అడుగున "పీపీ" లేదా 5 అంకె ముద్ర ఉన్న పాలిప్రొపైలీన్ డబ్బాలు. వీటిలో తడి ఉంటే లోపలే ఉండిపోతుంది, అందుకే పొడి రోజు చూసి నింపండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేస్తే అప్పుడప్పుడూ మార్చాలి, నిండిపోయిన పొట్లం ఉన్నా లేనట్టే. చెక్కపెట్టె నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి, నేరుగా చెక్కకు తగలకుండా లోపల ఇంకో పొర ఉండాలి.

చోటు:

- అటక కాదు. కప్పు వేడి మొదట దానికే.
- నేల కాదు. కనీసం జానెడు ఎత్తు.
- బాత్‌రూమ్ గోడ, బయటి గోడ కాదు.
- లోపలి గది బీరువాలో మధ్య అర, వెనక కాస్త గాలి ఆడేలా.

తేమ కొలిచే చిన్న మీటరు ఆ అరలో పెట్టండి. 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి చాలాకాలం నిలిస్తే బూజు పడుతుంది.

11. పాడైతే ఏం చేయాలి

ఫొటోలు తడిస్తే: 48 గంటల్లోపు ఏదో ఒకటి చేయాలి. ఒకదానికొకటి అంటుకుని ఆరనివ్వకండి. చల్లటి శుభ్రమైన నీళ్ళలో తేలనిచ్చి విడదీసి, బొమ్మ పైకి ఉండేలా పరిచి ఆరబెట్టండి. టైం లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, తీరిక చూసుకుని చేయొచ్చు. ఇంక్‌జెట్ ప్రింట్లు నీళ్ళలో ముంచకండి, రంగు కారిపోతుంది.

పురుగు పడితే: నూలు, ఉన్ని, కాగితాలకు ఫ్రీజర్ మంచి మందు. సంచిలో గాలి పిండేసి మూసి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకండి. తొందరపడి విప్పితే గాలిలోని తేమ నీళ్ళై వస్తువు మీద పడుతుంది.

బూజు పడితే: తడిగా ఉన్నప్పుడు తుడవకండి, లోపలికి రుద్దినట్టవుతుంది. పూర్తిగా ఆరాక మాస్కు వేసుకుని ఆరుబయట మెత్తటి బ్రష్షుతో, మీ మీదికి రాకుండా దులపండి.

ముక్కవాసన మాత్రమే ఉంటే: గాలి ఆడే నీడలో కొన్నాళ్ళు తెరిచి పెట్టండి. సెంటు కొట్టకండి.

12. ఏడాదికోసారి

ఒక తేదీ పెట్టుకుని ఫోన్‌లో రిమైండర్ వేయండి. వానలు, తేమ తగ్గిన కాలమైతే మంచిది.

- ప్రతి పెట్టె తెరిచి వాసన చూడండి, అడుగు చూడండి
- బట్టలు విప్పి వేరే చోట మడవండి
- సిలికా జెల్ మార్చండి
- హార్డ్‌డ్రైవ్ తగిలించి ఏవైనా నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి
- ఈ ఏడాది అట్టపెట్టె ముందేసుకుని పిల్లలతో ఏరండి
- చీటీ లేకుండా లోపలికి దూరినవి ఏవో చూసి, వాటికి చీటీ రాసే మూత వేయండి